పన్నెండో ఆకు

దోహాలో అల్ అజీజియా పేటలో ఇల్లు చూద్దామని మా ఆయన తీసుకెళితే, నేను ఇల్లు వదిలేసి ప్రహరీ పొడుగునా నేల చూసుకుంటూ నడిచాను. ఆయన చేతిలో ఫోను, ఫోనులో ఒక పట్టిక. స్కూలు ఎంత దూరం, బస్సు ఎన్నింటికి, తెలుగు చెప్తారా, చుట్టుపక్కల మనవాళ్ళెవరైనా ఉన్నారా. చివరి గళ్ళు రెండూ నేను చేర్చినవే. అజీజియాకి ఆ రెండింటిలోనూ "లేదు" అనే పడింది.

మదీనత్ ఖలీఫాలో చూసిన ఇంటికి రెండూ ఉన్నాయి. వీధికి రెండు తెలుగిళ్ళు, దగ్గర్లో తెలుగు చెప్పే పెద్ద బడి, అందులో సీటు కూడా. కానీ ఆ పెద్ద బడిలో మా అయిదేళ్ళ పిల్ల నోరు తెరవలేదు. బల్లకి అవతల ముగ్గురు కూర్చుని అడుగుతుంటే నా చున్నీ నోట్లో పెట్టుకుని నమిలింది. అజీజియాలోని చిన్న బడిలో టీచరమ్మ నేల మీద చతికిలబడి, పిల్ల చంకలో ఉన్న కుందేలు బొమ్మని చూసి, "ఇది పొద్దున్నేం తింది?" అని అడిగింది. అంతే, ఆ కుందేలు తిన్న ఇడ్లీల గురించి పావుగంట ఉపన్యాసం.

అయినా నా గుబులు నాది. ఆ క్లాసులో మన పిల్ల ఒక్కతే అయిపోతుంది. పండగ మర్నాడు బొట్టు పెట్టుకుని వెళితే అదేమిటని అడుగుతారు. చెప్పడం దానికి వస్తుందా?

"ఏం పోయింది, వెతుకుతున్నావు?" అన్నారు మా ఆయన.

"గరిక" అన్నాను. అనేశాక నాకే నవ్వొచ్చింది. పాతికేళ్ళ కిందట మా అమ్మ ఇలాగే నేల చూసుకుంటూ నడిచింది, ఇదే దోహాలో, నాకోసమే.

అప్పుడు మేం దోహాకి నలభై కిలోమీటర్ల అవతల, మెసయీద్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కంపెనీ కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. పక్కింటికి వెళ్ళినా వంటగది ఎక్కడో అడగక్కర్లేదు. సందు చివర నిలబడితే ఒకవైపు సముద్రం, ఒకవైపు ఇసుక, ఇంకోవైపు రిఫైనరీ గొట్టం మీద ఎప్పుడూ ఆరని మంట. గాలి మళ్ళిందంటే ఫ్యాక్టరీ అమ్మోనియా ఘాటు ముక్కులు బద్దలుకొట్టేది. ఆడవాళ్ళంతా దండేల మీది బట్టలు లాగుతూ పరుగులు. "చుట్టం వచ్చాడర్రా!" అని ఒకరు అరిస్తే ఆరు ఇళ్ళకీ తెలిసిపోయేది. మొత్తం ఆరు తెలుగిళ్ళు. ఏ ఇంట్లో ఇంగువ పోపు పడ్డా మిగతా అయిదిళ్ళ పిల్లలం కంచాలతో తయారు.

అమ్మది తెనాలి. ఎడారిలోకి వచ్చి పడ్డ మొదటి ఏడాది వినాయక చవితికి పూజలో పెట్టడానికి ఒక్క ఆకూ దొరకలేదట. పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి, పచ్చరంగు ఉన్నది ఏదో ఒకటి ఉండాలి కదా అని కొత్తిమీర పెట్టిందట. ఆ అవమానం అమ్మ మర్చిపోలేదు. ఆ మర్నాటి నుంచీ వినాయకుడి ఇరవై ఒక్క పత్రుల కోసం కాలనీ అంతా గాలించడమే పని. క్లబ్బు వెనక ఫుట్‌బాల్ మైదానంలో గరిక. ఆస్పత్రి గేటు దగ్గర గన్నేరు. పైపులైను పక్కన ఎవరూ నాటని జిల్లేడు. కాలనీ కంచె దాటి కొంచెం నడిస్తే ఒంటరిగా ఒక జమ్మిచెట్టు. అరబ్బులు దాన్ని గాఫ్ అంటారు, ఒంటెలు దాని కింద పడుకుంటాయి. అమ్మకి ఆ ఊరు వీధుల్లో తెలీదు, ఆకుల్లో తెలుసు. "మీ డాక్టరుగారి క్వార్టరు ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే, "ఉమ్మెత్త దాటాక" అనేది.

పదేళ్ళలో పదకొండు ఆకులు పోగయ్యాయి. కుండీలో పెంచినవి లెక్కలోకి రావు. మట్టిలో మొలిచినదే కావాలి. అది అమ్మ పెట్టుకున్న నియమం.

చవితినాడు కర్టెన్లు వేసి, గంట మెల్లగా కొట్టి, ఆరు కుటుంబాలూ మా ముందు గదిలో కిక్కిరిసి కూర్చునేవి. కథ వినకుండా లేస్తే నీలాపనిందలు పడతాయని పెద్దవాళ్ళ భయం. కథ అయ్యేలోపు ఉండ్రాళ్ళు చల్లారిపోతాయని నా భయం. పక్కింటి అత్తయ్య కూతురూ నేనూ ఒకే ఈడు. ఇద్దరం వెనక వరసలో కూర్చుని, పూజకి ముందే కొట్టేసిన ఉండ్రాళ్ళు గౌను జేబులో పెట్టుకుని, "శ్రీ" అన్నప్పుడల్లా ఒకటి మింగేవాళ్ళం. పాపం ఎక్కడిదక్కడే కొట్టుకుపోతుందని దాని సిద్ధాంతం.

ఆ వేసవిలో గొడవ మొదలైంది. కాలనీలోని చిన్న బడి అయిదో తరగతితో సరి. నాది అయిపోయింది. దోహాలో ఒక మంచి బడి వెయిటింగ్ లిస్టులో నాన్న రెండేళ్ళ కిందటే నా పేరు రాయించారు. ఎవరో ఊరు వదిలి వెళ్ళిపోతే సీటు ఖాళీ అయింది. వారంలోపు చెప్పాలి, లేకపోతే తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆ బడి బస్సు మెసయీద్ దాకా రాదు. కాబట్టి మేమే దోహాలో ఇల్లు తీసుకోవాలి. నాన్న రోజూ కారులో ఫ్యాక్టరీకి వచ్చి పోతానన్నారు.

అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా, "సరే. ఇక్కడ పదకొండు ఆకులున్నాయి. అక్కడ పన్నెండు దొరికిన పేటలో ఇల్లు తీసుకోండి, వస్తాను" అంది.

నాన్న నవ్వారు. అమ్మ నవ్వలేదు.

పక్కింటి అత్తయ్యది కరీంనగర్. ఆవిడ మాత్రం నవ్వి నవ్వి దగ్గింది. "గిదేం షరతు వదినా! ఒక ఆకు తక్కువైతే మీ గణపతి అలుగుతడా ఏంది? మా బతుకమ్మకు తంగేడు పువ్వే దొరకదు, నేను కాయితం పూలు పెడ్తలేనా? అయినా మా అమ్మ ఫోన్ల ఏమంటదో ఎర్కేనా? దుబాయ్‌ల చెట్లుంటయా బిడ్డా అంటది. ఇది దుబాయ్ కాదే తల్లీ అని పదేండ్ల సంది చెప్తున్న."

"నీకు కాగితం పూలు చాలు. నాకు ఆకులు కావాలి" అంది అమ్మ, అంతే బింకంగా.

నాన్న ఇంజనీరు కదా. షరతుని షరతులాగే తీసుకున్నారు. ఫ్యాక్టరీలో మరమ్మతు పనుల జాబితా రాసుకునే అట్ట మీద ఇరవై ఒక్క పేర్లూ వరసగా రాసి, పక్కన టిక్కు పెట్టడానికి గళ్ళు గీశారు. మాచీపత్రం, బృహతీపత్రం అంటూ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో బట్టీ పట్టేవారట.

మొదటి రోజు చూసిన పేటలో రెండే దొరికాయి. ఒకటి గన్నేరు. రెండోది ఎవరిదో బాల్కనీలో తులసి. కుండీ అని అమ్మ కొట్టేసింది.

అప్పుడు నాన్నకి కడప మామ గుర్తొచ్చాడు. మామ మా బంధువేం కాదు. ఎప్పుడో విమానంలో నాన్న పక్కసీట్లో కూర్చుని ఫారం నింపించుకున్నాడు, అప్పట్నుంచీ మామే. మదీనత్ ఖలీఫాలో ఒక ఖతరీ వాళ్ళింట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లల్నీ వాళ్ళ చుట్టాల పిల్లల్నీ బళ్ళకి దింపడం ఆయన డ్యూటీ.

"ఏ ఇస్కూలు గేటుకాడ ఏ పిల్లోల్లు ఏడుస్తా పోతారో, ఏ గేటుకాడ నవ్వుతా పోతారో నాకు తెల్సు సారూ" అన్నాడు ఫోన్లో. "మీ పాపకు వచ్చిండేది మంచి ఇస్కూలే. ఆడ పిల్లోల్లు కారు ఆగకముందే తలుపు తీస్తారు. మా మేడమోల్ల ఇంటి ఎనకాల ఇల్లు ఖాళీగా ఉండాది. యల్లా, శుక్రారం వచ్చి సూడండి."

శుక్రవారం వెళ్ళాం. ఆగస్టు నెల. కారు దిగితే పొయ్యి మీద మూత తీసినట్టుండేది గాలి. మామ మాకు కరక్ చాయ్ తాగించి ఆ ఇల్లు చూపించాడు. అమ్మ లోపలికి అడుగైనా పెట్టలేదు, సందులోకి తిరిగింది. వెనకాల నాన్న అట్టతో, ఆయన వెనక నేను సంచితో.

తడి పైపు కింద గరిక. టిక్కు. గోడ పక్కన గన్నేరు. టిక్కు. ఒక తోటలో మామిడి, దాని పక్కన దానిమ్మ, జాజి పందిరి. తోటమాలిని బతిమాలి ఆకొకటి. ఖాళీ స్థలంలో జిల్లేడు. నాన్న చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సందు సందుకీ టిక్కులు పెరుగుతుంటే ఆయన మొహం వెలుగుతోంది, అమ్మ మొహం మాడుతోంది. నా మొహం ఇంకా మాడుతోంది. ఎందుకంటే నాకు దోహా వద్దు. పక్కింటి అత్తయ్య కూతురు లేని బడిలో నేను చేరను. అది మా ఇద్దరి ఒట్టు, పైపులైను మీద కూర్చుని వేసుకున్నది.

పదకొండు దగ్గర ఆగిపోయింది. గంట తిరిగినా ఇంకోటి లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సారూ" అన్నాడు మామ. "మా పెద్దమేడం వాకిట్లో రేగుచెట్టు ఉండాది గదా! వీల్లు సిదర్ అంటారు గానీ, సూస్తానే తెలుస్తాది, రేగే. కొమ్మ గోడ మీదికి వాలి ఉంటాది. నేను పోయి మేడంనడిగి వస్తా, నిలబడండి."

నాన్నకి నిలబడే ఓపిక లేదు. గోడ మీద వాలిన కొమ్మ చూడగానే నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. "ఒక్క ఆకు. తుంపు, తుంపు!" నేను కావాలనే అందనట్టు నటించాను. ఆయన మునివేళ్ళ మీద లేచారు. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుని ఒక ముసలావిడ బయటికొచ్చింది. నల్లటి దుస్తులు, ముఖానికి ఇత్తడిలా మెరిసే ముసుగు. ఆవిడ వెనక మామ, నోరు తెరుచుకుని.

భుజాల మీద నేను, చంకలో అట్ట, నాన్న కదల్లేదు. పదేళ్ళ ఉద్యోగం ఒక్క రేగాకు కింద పోయిందనుకున్నారట.

ముసలావిడ నన్ను చూసింది. ఆకులు చూసింది. అమ్మ జడ చూసింది. మోకాళ్ళ దాకా ఉండేది అమ్మ జడ. ఆవిడ కళ్ళు నవ్వాయి. తన తల మీద చెయ్యి పెట్టి రుద్దుకున్నట్టు చూపిస్తూ ఏదో అంది.

మామ గొంతు తగ్గించి చెప్పాడు: "అక్కా, వీల్లు ఈ ఆకు నూరి తలకు రుద్దుకుంటారు. మీరు గూడా దానికే వచ్చినారనుకుంటాండాది. మీ జడ సూసి, దీనికి ఒగ ఆకు యాడ సాలుతాదీ అంటాండాది. దేవునికి అని నేనేడ సెప్పేది? నాకు అంత అరబ్బీ రాదు."

"అవునని చెప్పు" అన్నారు నాన్న, నన్ను దించుతూ.

ఆవిడ లోపలికి కేకేసింది. బియ్యం బస్తా అంత సంచీ నిండా రేగాకులు కొట్టించి ఇచ్చింది, పైన ఒక డబ్బా ఖర్జూరాలు. నా గడ్డం పట్టుకుని ఏదో దీవించింది కూడా. నాన్న కారెక్కుతూనే టిక్కు పెట్టి, "పన్నెండు" అన్నారు, పరీక్ష పాసైనవాడిలా.

మెసయీద్ దారిలో నాన్న ఈల వేస్తున్నారు. అమ్మ కిటికీలోంచి ఇసుక చూస్తోంది. వెనక సీట్లో నా ఒళ్ళో పత్రి సంచి. నేను మెల్లగా అద్దం దించి, మామిడాకు బయటికి వదిలేశాను. అది ఎగిరి మా వెనక లారీ అద్దానికి తగిలి ఎటో పోయింది. అద్దం ఎత్తేశాను. ఒట్టు నిలబడింది.

ఇంటికెళ్ళాక పేపరు పరిచి నాన్న ఆకులు లెక్కపెట్టారు. రేగాకుల నుంచి ఒకటి తీసి పక్కన పెట్టి మళ్ళీ లెక్కపెట్టారు.

"పదే ఉన్నాయేంటి?"

నేను తెల్లబోయాను. పదకొండు ఉండాలి కదా! పారేసింది ఒక్కటే. లెక్కల్లో నాకెప్పుడూ అనుమానమే, ఆ రోజూ నన్నే అనుమానించుకున్నాను.

"నేను పన్నెండు టిక్కులు పెట్టాను" అన్నారు నాన్న.

"టిక్కులతో పూజ చేస్తామా?" అంది అమ్మ, పేపరు మడిచేస్తూ.

నాన్న ఇంకేం వాదించలేదు. అట్ట గోడకి ఆనించి, "రేపు బడివాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాలే" అన్నారు. ఆయన ఈల ఆ సాయంత్రం వినబడలేదు. రాత్రి అన్నంలో ఆవకాయ కూడా వేసుకోలేదు. అది చూసి నేనూ నా ఆవకాయ కంచం అంచుకి నెట్టాను, కానీ రేపు స్నేహితురాలికి చెప్పబోయే శుభవార్త తలుచుకుని మళ్ళీ కలుపుకున్నాను.

మర్నాడు ఉయ్యాల దగ్గర దానికి చెప్పాను, మామిడాకు సాహసంతో సహా.

అది ఉయ్యాల ఆపేసింది. "అయ్యో, ఎందుకు పడేసినవే? మేం గూడ పోతున్నం. నిన్ననే డాడీ చెప్పిండు. హైదరాబాద్‌ల ఇస్కూల్ల చేరుస్తరంట. ఇంకో నెలల."

"మరి ఒట్టు?"

"ఒట్టు నాకు యాదున్నది. డాడీకి లేదు గదా" అంది.

ఇంటికి పరిగెత్తాను. అమ్మ స్నానాలగదిలో నాకోసమే ఎదురుచూస్తోంది. ఆ సంచెడు రేగాకులూ పారేస్తే పాపమని నానబెట్టి, రుబ్బి పెట్టింది. పీట మీద కూర్చోబెట్టి తలంతా పట్టించింది. పచ్చి ఆకుల వగరు వాసన, కొంచెం మట్టి వాసన. చిక్కటి నురగ కళ్ళ మీదికి జారింది. కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే చెప్పడం తేలిక.

"అమ్మా, మామిడాకు నేనే పారేశాను."

అమ్మ వేళ్ళు ఆగలేదు. "తెలుసు."

"ఎలా?"

"ఆగస్టులో, ఏసీ కారులో, అద్దం ఎవరు దించుతారే? వేడి గాలి నా మెడకి తగిలింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఇప్పుడు వేళ్ళు ఆగాయి. తర్వాత, నురగలోంచి నాకు అమ్మ నవ్వు వినబడింది, చిన్నపిల్ల నవ్వులా.

"దానిమ్మాకు నా కొంగు ముడిలో ఉంది కనక."

నేను కళ్ళు తెరిచాను. భగ్గుమని మండాయి. "అమ్మా! నువ్వు దొంగవి!"

"నువ్వో?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అమ్మ ఒక చెంబు నీళ్ళు గుమ్మరించింది. "ఇక్కడ ప్రతి ఆకూ వెతుక్కున్నానే. ఒక్కదాన్నీ తిరిగి తిరిగి. అక్కడ మళ్ళీ మొదట్నుంచీ వెతుక్కోవాలంటే..." అని ఆగింది. "భయం వేస్తోందని మీ నాన్నతో చెప్పడం రాలేదు. ఆకులు అడగడం వచ్చింది."

నా తల ఇంకా కారుతూనే ఉంది. అమ్మ చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి నాన్న ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. తలుపు సందులోంచి విన్నాను.

"ఏమండీ, బడివాళ్ళకి వద్దని చెప్పారా? ... చెప్పకండి. ... ఆకులా? దొరికాయి లెండి, రెండూ. ... ఎక్కడేమిటి, ఇంట్లోనే. సాయంత్రం చెబుతాను."

సెప్టెంబరులో మామ చూపించిన ఇంటికే మారాం. పక్కింటి అత్తయ్య వెళ్ళేముందు అమ్మ చేతిలో ఒక కట్ట పెట్టింది, కాగితం పూలు. "మీ ఆకులల్ల ఇవి గూడ కలుపు వదినా, గణపతికి చెప్పకు" అంది. ఇద్దరూ నవ్వుతూ ఏడ్చారు. నేనూ ఆవిడ కూతురూ చివరి ఉండ్రం పంచుకున్నాం, సగం సగం, ఒట్టు రద్దుకి గుర్తుగా.

కొత్తింట్లో చవితి వచ్చేసరికి సగం పెట్టెలు విప్పనే లేదు. పన్నెండు ఆకులూ పళ్ళెంలో ఉన్నాయి. నాన్న పుస్తకం చూసి ఒక్కో పేరూ చదువుతున్నారు. లేని ఆకు పేరు వచ్చినప్పుడల్లా అమ్మ ఒక చిటికెడు పసుపు బియ్యం వేస్తోంది.

"అదేంటి?" అన్నాను.

"అక్షతలు. ఆకు లేకపోతే దాని బదులు ఇవి. ఎప్పుడూ అంతే కదా, ఇన్నేళ్ళూ చూడలేదూ?"

ఇన్నేళ్ళూ నేను చూసింది ఉండ్రాళ్ళ పళ్ళెం. నాన్న పుస్తకంలోంచి తలెత్తి అమ్మ వైపు చూశారు. ఆ చూపుకి అమ్మ తల దించుకుని, "చదవండి, కుడుములు చల్లారిపోతున్నాయి" అంది.

ఆ బడికి మొదటిరోజు కడప మామే దింపాడు. గేటు దగ్గర నేను ఏడ్చాను. "ఈ గేటుకాడ ఏడ్సిన మొదటి పిల్లవి నువ్వే పాపా, నా లెక్క తప్పిచ్చినావు" అన్నాడు. వారం తిరిగేసరికి కారు ఆగకముందే తలుపు తీశాను. క్లాసులో తెలుగుపిల్లని నేనొక్కదాన్నే. రేగాకు వాసనేసే నా జుట్టు చూసి, పక్కసీటు పాలస్తీనా పిల్ల "మా నానమ్మ వాసన" అంది. స్నేహం అక్కణ్ణుంచి.

రేగుచెట్టు ముసలావిడ ఏటా గుర్తుపెట్టుకుని సంచెడు ఆకులు పంపేది, మా ఇంటి ఆడవాళ్ళ జుట్టు బాధ్యత తనదే అయినట్టు. అమ్మ ఒక ఆకు దేవుడికి పెట్టి, మిగిలినవి తలకి రుద్దుకుని, బదులుగా పులిహోర పంపేది. అసలు సంగతి చివరిదాకా ఎవరూ ఆవిడకి చెప్పలేదు.

ఆ ముసలావిడ ఇప్పుడు లేదు. కడప మామ ఊరెళ్ళి ట్రాక్టరు కొనుక్కున్నాడని విన్నాను. మెసయీద్‌లో మా వరస ఇళ్ళు పడగొట్టేశారు. ఓసారి అటు వెళ్ళినప్పుడు చూస్తే ఉయ్యాల ఉన్నచోట పెద్ద పార్కింగు స్థలం. జమ్మిచెట్టు ఉందో లేదో కంచె ఇవతలి నుంచి తెలీలేదు.

అజీజియా నుంచి తిరిగొస్తూ అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఇప్పుడు విశాఖలో ఉంటోంది, అపార్టుమెంటు కమిటీలో కార్యదర్శి, రోజూ నీళ్ళ ట్యాంకు మీద ఎవరితోనో ఒకరితో యుద్ధం. ఇల్లు గురించి, బడి గురించి, కుందేలు తిన్న ఇడ్లీల గురించి, ఒక్కతే అయిపోతుందన్న నా గుబులు గురించి, అంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా వింది.

"ఇంతకీ ఎన్నున్నాయే అక్కడ?" అంది చివరికి.

ఏవి అని నేను అడగలేదు.

"రెండు. గరిక, గన్నేరు."

"పిల్ల నవ్వుతూ వెళ్ళే గేటేనా?"

"అదే."

"బియ్యం, పసుపూ ఉన్నాయిగా ఇంట్లో?"

"ఉన్నాయి."

"మరింకేం" అంది అమ్మ.

వెనక సీట్లో మా పిల్ల అద్దం దించుతున్న చప్పుడైంది. వేడి గాలి నా మెడకి తగిలింది. తిరిగి చూశాను. కుందేలు బొమ్మ చెవులు పట్టుకుని, కిటికీలోంచి దానికి అజీజియా చూపిస్తోంది.